అవతలి వాళ్ల మనిషి

ఆదివారం పొద్దున మా కాలనీ పార్కులో ఒక జంట మా దగ్గరికొచ్చి నిలబడింది. కొత్తగా పెళ్లయినవాళ్లు, చివరి వీధిలో అద్దెకుంటున్నారు. శామీర్‌పేట దాటాక ఒక స్థలం చూసుకున్నారట. కాగితాలు ఎవరికి చూపించాలి, మంచి లాయరు ఎవరైనా తెలుసా అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే నా పక్కన కూర్చున్న మూర్తిగారు అందుకున్నారు.

"ఎవరినైనా పెట్టుకోండి గానీ, ముందు ఆ లాయరు మీ మనిషో, అవతలి వాళ్ల మనిషో చూసుకోండి. మేడ్చల్లో ఒక లాయరమ్మ ఉండేది. పెట్టుకున్నది మనం, పనిచేసేది అవతలి వాళ్లకి. మన సారుకే జరిగింది, కావాలంటే అడగండి." అంతటితో ఆగకుండా, "ఇప్పుడావిడ లేదులెండి. పోయిన నెల పోయిందట" అన్నారు.

ఆవిడ పోయిన సంగతి నాకు అలా తెలిసింది.

మూర్తిగారు చెప్పిన మాట మూర్తిగారిది కాదు. చాలా ఏళ్ల కిందట, సుచిత్ర ఏరియాలో మేమిద్దరం ఒకే అపార్టుమెంటులో ఉన్నప్పుడు, కింద టీ బండి దగ్గర నేనన్న మాట. ఆయన ఒక్క అక్షరం పోనివ్వకుండా దాచుకున్నారు.

"అది అబద్ధమండీ. నేనే కల్పించి చెప్పాను" అన్నాను.

మూర్తిగారు నా భుజం తట్టారు. "నిజమే, పోయినవాళ్ల గురించి మంచే మాట్లాడాలి" అన్నారు. ఆ జంట గౌరవంగా తలూపింది. ఇంకోసారి చెప్పబోయాను గానీ, అప్పటికే మాట నీళ్ల ట్యాంకర్ల మీదికి పోయింది.

అందుకని రాస్తున్నాను.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. మేడ్చల్లో ఆవిణ్ణి పేరుతో పిలిచినవాళ్లను నేను చూడలేదు. లాయరమ్మ అంటే ఆవిడే. రిజిస్ట్రేషన్ ఆఫీసుకు ఎదురు సందులో, జిరాక్స్ షాపు పైన ఒక గది. కింద బోర్డు మీద 'అడ్వొకేట్' అని రాసి బాణం గుర్తు ఉండేది. ఆ బాణం వేసినప్పుడు మెట్లు ఎడమ పక్కన ఉండేవట. తర్వాత ఇంటివాళ్లు మెట్లు కుడి పక్కకు మార్చుకున్నారు. బాణం మాత్రం మారలేదు. కొత్తగా వచ్చినవాళ్లందరూ దాన్ని పట్టుకుని పక్కనున్న టిఫిన్ సెంటర్లోకి వెళ్లేవాళ్లు. నేనూ వెళ్లాను. బోర్డు మార్పించొచ్చు కదా మేడమ్ అంటే నవ్వింది.

"ఎందుకు సారూ? ఆకలున్నోళ్లు ఆడనే ఆగుతరు. ఆపతున్నోళ్లు అడుక్కుంటనన్న పైకొస్తరు."

భారీ మనిషి. నేత చీర, దాని కింద పిల్లలు ఆటలకు వేసుకునే తెల్ల కాన్వాసు బూట్లు. నల్లకోటు కుర్చీ వీపుకు వేలాడుతూ ఉండేది తప్ప ఆవిడ ఒంటి మీద నేను చూసింది తక్కువ. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూసి, "పది నిమిషాలు" అని చెప్పి, ఎదురుగా క్లయింటు కూర్చుని ఉండగానే కళ్లు మూసుకునేది. సన్నగా గురక కూడా వచ్చేది. లేచాక మాత్రం, నిద్రకు ముందు ఎక్కడ ఆపిందో అక్కడినుంచే మాట అందుకునేది. ఫోను మోగితే ఎత్తడానికి బద్ధకం. "అర్జెంటున్నోడు మల్ల చేస్తడు" అనేది. సీతాఫలాల రోజుల్లో ఆవిడ గదికి పోతే పని జరగదు. శామీర్‌పేట రోడ్డు మీద తట్టలతో అమ్మేవాళ్ల దగ్గర కొనుక్కొచ్చి, చేతులు రెండూ గుజ్జు చేసుకుని, "కాగితాలు ముట్టద్దు, నేను ముట్టను, మీరు ముట్టద్దు, తినుండ్రి" అనేది.

కొత్తవాళ్లు ఎవరొచ్చినా ఆవిణ్ణి అడిగేవి నాలుగే ప్రశ్నలు. నేనూ అవే అడిగాను. మా ఊరు తణుకు దగ్గర పల్లె. మేడ్చల్ పక్కన మందుల కంపెనీలో ఉద్యోగం. ఇక్కడి భూముల సంగతి నాకు తెలియదు, తెలిసినట్టు మాట్లాడటం తెలుసు.

"డాక్యుమెంట్ రైటర్ ఉండగా మళ్లీ లాయరెందుకని మా ఏజెంటు అంటున్నాడండీ" అన్నాను.

"రైటరు మీరు చెప్పింది రాస్తడు. నేను మీరు చెప్పంది అడుగుత. రెండు వేరే పనులు సారూ."

"అమ్మేవాళ్ల లాయరే మన పని కూడా చూస్తాడట కదా?"

"సూస్తడు. మీకూ వాళ్లకూ పంచాది రానంత సేపు మస్తు సూస్తడు."

"బ్యాంకు వాళ్లు లోను ఇస్తామన్నారు. అంటే కాగితాలు బాగున్నట్టే కదండీ?"

"బ్యాంకు తన పైసల కోసం సూస్తది. ఇల్లు మీది. ఇల్లు కోసం మీరు సూస్కోవాలె."

"మొత్తం ఎన్ని రోజులు పడుతుంది మేడమ్?"

"మీరు నాతోని అబద్ధమాడకపోతే జల్దీ. అమ్మేటోడు మీతోని ఆడకపోతే ఇంకా జల్దీ." ఆ పైన నా ఫైలు వైపు చూసి, "బయానా ఇచ్చిన్రా?" అంది.

అడ్వాన్సు ఇచ్చేశామన్నాను.

"ముహూర్తం వెట్టుకుని పిల్లను సూడొచ్చినట్టున్నది" అంటూ తన టీ గ్లాసు నా ఫైలు మీద పెట్టింది. ఆ ఫైలు ఆ రోజు తెరవనే లేదు. "ముందు జాగ సూద్దాం పాండ్రి" అని లేచింది.

మేం కొనబోతున్నది శామీర్‌పేట పక్కన ఒక పాత ఇంటి స్థలం. ఐలయ్య అనే ఆయనకు తండ్రి నుంచి వచ్చింది. తండ్రి వీలునామా రాయకుండా పోయాడు. ఇల్లు ఎప్పుడో కూలిపోయింది. ఖాళీ జాగా, రెండు వేపచెట్లు, చుట్టూ అప్పుడప్పుడే లేస్తున్న కాలనీ. మా ఆవిడకు ఆ వేపచెట్లు నచ్చాయి. సుచిత్ర అపార్టుమెంటులో కిటికీ తెరిస్తే ఇంకో కిటికీ కనిపించేది. పిల్లలు పెద్దవాళ్లవుతున్నారు. ఇదే మా ఇల్లు అని ఇద్దరం మనసులో కట్టేసుకున్నాం.

లాయరమ్మ స్కూటీ మీద మా వెనకాల నిదానంగా వచ్చింది. దిగి, హద్దురాళ్ల వైపు పోలేదు. జాగా వైపు కూడా పెద్దగా చూడలేదు. తిన్నగా పక్కింటికి పోయి, "అవ్వా, మంచినీళ్లిస్తవా?" అంది. నీళ్లు తాగింది. అరుగు మీద కూర్చుంది. ముసలమ్మతో మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడింది. నేను గడియారం చూసుకుంటున్నాను. చివరికి లేవబోతూ అడిగింది.

"అవ్వా, గీ ఐలయ్యోళ్ల ఇంటి ఆడబిడ్డలను యాడిచ్చిన్రు?"

ఏ భూమి దగ్గరికి పోయినా ఆవిడ అడిగేది అదొక్కటేనని తర్వాత తెలిసింది. సర్వే నంబరు, కొలతలు, పాత దస్తావేజులు, అవన్నీ తర్వాత చూసేది. ఇంటి ఆడపిల్లలు ఎంతమంది, ఎక్కడున్నారు. అంతే.

"ఒక్కతే బిడ్డ. బాలమణి. తూంకుంటకు ఇచ్చిన్రు" అంది అవ్వ.

మా ఏజెంటు శీను అప్పుడు నవ్వేశాడు. "మేడం, ఆమెతోని ఏం లొల్లి లేదు. పెండ్లిల అన్ని వెట్టిన్రు. ఏటేట బోనాలకు చీర వెడ్తనే ఉన్నరు. రిజిస్ట్రేషన్ నాడు ఒక చీర, పసుపు కుంకుమ చేతుల వెడ్తే సంతకం వెట్టి పోతది. గిక్కడ అందరిది గట్లనే."

ఆ చీర కొనేవాళ్లు మేమే అయితే బాగుంటుందని కూడా శీనే చెప్పాడు. కొనేవాళ్లు పెడితే ఆడబిడ్డ సంతోషిస్తుందట. మేం నమ్మాం. మా ఆవిడ సుచిత్రలో నాలుగు షాపులు తిరిగి గద్వాల చీర తెచ్చింది. అందులో తప్పేముందో మా ఇద్దరికీ తోచలేదు. ఇక్కడి పద్ధతి పాటిస్తున్నాం అని ఒక తృప్తి కూడా.

లాయరమ్మ మాత్రం రిజిస్ట్రేషన్ దాకా ఆగలేదు. ముందుగానే అన్నాచెల్లెళ్లను తన గదికి పిలిపించింది. నేనూ మా ఆవిడా వెళ్లాం. చీర సంచి మా ఆవిడ ఒళ్లో ఉంది. బాలమణి సన్నటి మనిషి, కుట్టుపని చేస్తుందని వేళ్లు చూస్తేనే తెలుస్తోంది. వచ్చి నిలబడే ఉంది.

"ఐలయ్యా, కిందికి వోయి అందరికి చాయ్ చెప్పు. నువ్వే పట్టుకురా" అని ఆయన్ను పంపేసింది లాయరమ్మ. తర్వాత బాలమణిని తన కుర్చీ పక్కన కూర్చోబెట్టుకుంది.

"బిడ్డా, ఇయ్యాల ఎందుకొచ్చినవో ఎరికేనా?"

"అన్న సంతకం వెట్టుమన్నడు మేడం. వెడ్త."

"వెడుదువు తియ్యి. ఈ కాగితంల ఏం రాసున్నదో చెప్త ఇను. నాయిన జాగల నాకు మా అన్నతోని సమానంగ హక్కున్నది. అది నేను నా ఇష్టంతోని ఇడ్సిపెడ్తున్న. ఇగ మల్ల అడగ. గంతే రాసున్నది. సమజైందా?"

బాలమణి కాసేపు కాగితం వైపు చూసింది.

"సమానంగనా?"

"సమానంగనే."

"ఇడ్సకపోతే ఏమైతది మేడం?"

నేను కుర్చీలో ముందుకు జరిగాను. లాయరమ్మ నా వైపు చూడకుండానే చెప్పింది. "ఏం గాదు. ఈ సారు జాగ కొనడు. మీ అన్న కొన్నొద్దులు నీతోని మాట్లాడడు."

"మేడమ్!" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "మిమ్మల్ని పెట్టుకున్నది మేమండీ!"

"ఔ సారూ. అందుకే అడుగుతున్న."

బాలమణి మా ఆవిడ ఒళ్లోని సంచి చూసింది. అదేమిటో ఆమెకు అర్థమైంది. మా ఆవిడ ఏం చేయాలో తెలియక చీర తీసి ఇచ్చింది. బాలమణి అంచు పట్టుకుని చూసి, మడత చెడకుండా బల్ల మీద పెట్టింది.

"మంచిగున్నది వదినె. గానీ ఇయ్యాల తీస్కోను."

ఐలయ్య టీ గ్లాసులతో మెట్లెక్కి వచ్చాడు. లాయరమ్మ ఒక గ్లాసు అందుకుని, "ఐలయ్యా, మీ చెల్లె సంతకం వెడ్తలేదు. చాయ్ మాత్రం తాగుతదంట" అంది.

"నీకేం తక్కువ జేసినమే?" అని ఐలయ్య చెల్లెలి మీదికి అరిచాడు.

"తక్కువ జేసిన్రంటలేనన్నా. నన్ను ఒక్కసారన్న అడగకపోతిరి" అంది బాలమణి. అని టీ తాగింది.

వాళ్లు వెళ్లాక నేను చాలా మాటలన్నాను. లాయరమ్మ అన్నీ విని, చివరికి ఇలా అంది. "ఇయ్యాల వెట్టమంటే ఆమె వెడ్తుండె సారూ. రేపు మీరు ఇల్లు కట్టినంక, పిల్లలు ఇంట్ల తిరుగుతున్నంక వచ్చి, నాకేం తెల్వకుంట వెట్టిచ్చుకున్నరని నిలవడ్తే? అప్పుడు మీకు నేను జవాబు చెప్పాలె. అది నాతోని కాదు."

ఆ మాట ఇప్పుడు రాస్తుంటే ఎంత సూటిగా ఉందో. ఆ రోజు నాకు వినబడలేదు. ఫైలు తీసుకున్నాను. మెట్లు దిగుతుంటే పైనుంచి ఆవిడ గొంతు: "సారూ, మల్ల కొనేటప్పుడు నన్ను వెట్టుకోకున్నా మంచిదే. గానీ ఎవర్నో ఒకర్ని వెట్టుకోండ్రి."

ఆ సాయంత్రం సుచిత్రలో మూర్తిగారు అడిగారు, స్థలం ఏమైందని. ఉన్నదున్నట్టు చెప్పాలంటే, ఒక ఆడమనిషి చేత ఆమెకు తెలియకుండా హక్కు వదిలించడానికి చీర కొనుక్కుపోయామని చెప్పాలి. "లాయరమ్మ అవతలి వాళ్ల మనిషండీ. వాళ్లకి పనిచేసింది" అనేశాను. నోటికొచ్చిన వాక్యం. చెప్పాక హాయిగా కూడా అనిపించింది. మూర్తిగారు ఆ మాట ఆఫీసులో చెప్పారు, అపార్టుమెంటులో చెప్పారు. మా వైపు నుంచి వచ్చి స్థలాలు కొనుక్కునేవాళ్లు అప్పట్లో చాలామంది. వాళ్లలో ఎందరు ఆ మెట్లెక్కకుండా వెనక్కి పోయారో నాకు తెలియదు.

కొన్ని నెలలకు ఐలయ్యే ఫోను చేశాడు. అన్నాచెల్లెళ్లు పంచుకున్నారు. రోడ్డు వైపు సగం బాలమణి తీసుకుంది, అక్కడ మిషన్లు పెట్టుకుని కుట్టుపని చేసుకుంటుంది. వెనక సగం అన్నది. వేపచెట్లు రెండూ వెనకే ఉన్నాయి. "కొంటరా సార్?" అన్నాడు. కొన్నాం. ఈసారి నేను వేరే లాయర్ని పెట్టుకున్నాను.

రిజిస్ట్రేషన్ రోజు ఆఫీసు వరండాలో ఐలయ్య పక్కన, అవే తెల్లబూట్లతో, లాయరమ్మ కూర్చుని ఉంది. ఆవిడ వల్ల బేరం చెడినా ఐలయ్య, పంపకానికీ అమ్మకానికీ ఆవిణ్ణే పెట్టుకున్నాడు. నా తరఫున సాక్షి సంతకానికి వచ్చింది మూర్తిగారు. ఆవిడ మూర్తిగారికి నమస్తే పెట్టింది. ఆయన చూడనట్టు ముఖం తిప్పుకుని నా చెవిలో, "చూశారా, మీరన్నది అక్షరాలా నిజం. అవతలి వైపే కూర్చుంది" అన్నారు.

ఆ రోజు ఒక్క మాట చెప్పినా సరిపోయేది. చెప్పలేదు.

మూర్తిగారు లోపలికి పోయాక ఆవిడ నన్ను దగ్గరికి పిలిచింది.

"మీ దోస్తుకు ఏం జెప్పిన్రు సారూ నా గురించి?"

"ఏం లేదండీ."

"ఏం లేకపోతే మనిషి గట్ల మొకం తిప్పుకోడు." ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి నవ్వేసింది. "అవతలోళ్ల మనిషినని చెప్పినట్టున్నరు. పోనియ్యిండ్రి, ఇయ్యాలైతే నిజమే గద." తర్వాత గొంతు తగ్గించింది. "నేను మీకేం చెప్పద్దు. ఐలయ్య మనిషిని. గానీ మీరు వోయి మీ లాయర్ను ఒక్కటి అడుగుండ్రి. జాగ వెనకకు వోయింది. ముంగట బాలమణిది. మీ ఇంటికి మీరు ఎట్ల వోతరు? దారి కాగితంల ఉన్నదా?"

లేదు. మా లాయరు నాలిక్కరుచుకున్నాడు. బాలమణి అక్కడికక్కడే ఒప్పుకుంది. బండి పట్టేంత దారి మా కాగితాల్లోకి ఎక్కాకే సంతకాలయ్యాయి.

ఆ దారిలోనే ఇన్నేళ్లుగా ఇంటికి వస్తున్నాను. మాది మంచి ఇల్లు. వేపచెట్టు గాలి మేడ మీది గదిలోకి వస్తుంది. బాలమణి మిషన్ చప్పుడు లేని పొద్దు మాకు పొద్దులా ఉండదు. పిల్లల యూనిఫారాలన్నీ ఆమే కుట్టింది. ఒక్కోసారి ఆమె గది ముందు ఆ పాత స్కూటీ ఆగి ఉండేది. అప్పుడు నేను కాస్త వేగంగా లోపలికి వచ్చేసేవాణ్ణి.

ఇంతవరకూ రాసి ఆపాను. మర్నాడు ఆఫీసు నుంచి వస్తూ బాలమణి గది ముందు ఆగి, ఉన్నదంతా చెప్పాను. ఆమె మిషన్ ఆపింది.

"మేడంకు ఎరికేనా అన్నా, నువ్వు గట్లన్నవని?"

"తెలుసమ్మా."

"నాకెందుకు చెప్పలే నువ్వు? నేను ఈడనే ఉన్న గద ఇన్నేండ్లు. మీ ఇంటి ముంగట్నే."

నిజానికి లాయరమ్మ తరఫున ఒక్క ముక్కలో సాక్ష్యం చెప్పగలిగిన మనిషి ఆమె. దాటి పోవడమే తప్ప, ఆగి అడగాలని నాకు తోచలేదు.

"మీ పెద్దమనుషులు కూసునేది ఆదివారమే గద. నేనొస్త" అంది.

వచ్చింది. మెడలో టేపు అలాగే ఉంది. మూర్తిగారు బెంచీ మీద జరిగి కూర్చోమన్నారు. కూర్చోలేదు. ఆ కొత్త జంట కూడా ఉంది. బాలమణి నా వైపు చెయ్యి చూపించింది.

"సారూ, ఆ మేడం ఎవ్వలకు అమ్ముడువోలే. గీ అన్న దిక్కే ఉండె. గీ అన్న కోసమే నన్ను అడిగింది. సంతకం వెట్టనన్నది నేను. అనేదుంటే నన్ను అనుండ్రి."

మూర్తిగారు నా వైపు చూశారు. "అవునండీ" అన్నాను. ఈసారి నా భుజం తట్టలేదు.

"ఆ రోజు ఆవిడ నాకు నమస్తే పెట్టింది" అన్నారు. "నేను పెట్టలేదు. ఎన్ని చోట్ల చెప్పానో కూడా ఇప్పుడు నాకు గుర్తులేదు. ఎంత పని చేశారండీ."

ఆ కొత్త జంటలోని అమ్మాయి తన భర్తతో ఏదో గొణిగి, తర్వాత బాలమణిని అడిగింది. "మేం కొనే స్థలానికి ఇద్దరు అక్కచెల్లెళ్లున్నారట అక్కా. ఏజెంటు వాళ్ల సంతకాలు తెస్తానంటున్నాడు."

"ఆయన తెచ్చుడు కాదు. మీరు వోయి కూసోని అడుగుండ్రి. లాయర్ను తోల్కపోండ్రి" అంది బాలమణి. తర్వాత మూర్తిగారి వైపు తిరిగి, "అల్వాల్ల మేడం ఇంటాయన ఒక్కడే ఉంటుండు సారూ. మీరు వస్తనంటే ఇప్పుడే వోదాం" అంది.

మూర్తిగారు లేచి కారు తాళాలు తెచ్చుకున్నారు. నేను వెనక ఎక్కాను. బాలమణి ముందు సీట్లో కూర్చుంది. లాయరమ్మ జాకెట్లన్నీ ఆమే కుట్టి, ఆ ఇంటికి పోయి ఇచ్చొచ్చేదట. మా ముగ్గురిలో దారి తెలిసింది ఆమెకే.